ఆరు తూటాలకు కిలోంబావు బరువు
ఫుల్‌సైజ్ రివాల్వర్‌ను రోజూ చొక్కా కింద దాచుకుని తిరగడం: అంకెలు ఏం చెబుతున్నాయి?

అమెరికాలో వయోజనుల్లో 32 శాతం మందికి సొంత తుపాకీ ఉంది. 2023లో ప్యూ రీసెర్చ్ సెంటర్ సర్వేలో తేలిన లెక్క ఇది. తుపాకీ ఎందుకు పెట్టుకున్నారంటే, వాళ్లలో 72 శాతం మంది ఆత్మరక్షణే ప్రధాన కారణమన్నారు. అయితే ఇంట్లో బీరువాలో ఉంచుకోవడం వేరు, రోజూ నడుముకు కట్టుకుని తిరగడం వేరు. 2024 జులై నాటికి 29 రాష్ట్రాల్లో ఇలా దాచుకుని తిరగడానికి పర్మిట్ కూడా అక్కర్లేదు.

అలా తిరిగేవాళ్లలో చాలామంది జేబులో పట్టేంత చిన్న పిస్టల్ వైపు మొగ్గుతారు. నాలుగంగుళాల బ్యారెల్‌తో, ఒకప్పటి పోలీసుల నడుముకు వేలాడిన పెద్ద రివాల్వరే కావాలనేవాళ్లూ కొందరున్నారు. పాత సామాన్ల మీద మోజని కొట్టిపారేయడానికి లేదు. వాళ్ల మాటలో కొంత భౌతికశాస్త్రం ఉంది. కాల్చేటప్పుడు దొరికే సుఖానికి మోసేటప్పుడు కట్టాల్సిన మూల్యమూ ఉంది.

తక్కెడలో పెడితే

తయారీదారులు ప్రకటించిన కొలతలు సుమారుగా ఇవి. బరువులన్నీ తూటాలు లేకుండా.

• స్మిత్ అండ్ వెసన్ 686 (ఫుల్‌సైజ్ రివాల్వర్): 1.13 కిలోలు, పొడవు 24 సెం.మీ., మందం 4 సెం.మీ., 6 తూటాలు
• స్మిత్ అండ్ వెసన్ 642 (పొట్టి రివాల్వర్): 410 గ్రాములు, 16 సెం.మీ., 3.3 సెం.మీ., 5 తూటాలు
• గ్లాక్ 19 (మధ్యస్థం పిస్టల్): 670 గ్రాములు, 18.5 సెం.మీ., 3.4 సెం.మీ., 15 తూటాలు
• సిగ్ పీ365 (చిన్న పిస్టల్): 500 గ్రాములు, 14.7 సెం.మీ., 2.7 సెం.మీ., 10 తూటాలు

.357 మ్యాగ్నమ్ తూటా ఒక్కోటి 16 గ్రాముల పైమాటే. ఆరు నింపితే 686 బరువు ఇంచుమించు కిలోంబావు అవుతుంది. తూటాలన్నీ నింపిన గ్లాక్ 19 దాదాపు 855 గ్రాములు తూగుతుంది. అంటే రివాల్వర్ పెట్టుకున్నవాడు తొమ్మిది తూటాలు తక్కువగా, 370 గ్రాములు ఎక్కువగా మోస్తున్నాడన్నమాట. కాగితం మీద ఇది నష్టపు బేరమే. మరి ఎందుకు మోస్తున్నాడు?

బరువే కలిసొచ్చే చోటు

.357 మ్యాగ్నమ్‌లో 10.2 గ్రాముల బుల్లెట్ నాలుగంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకు దాదాపు 375 మీటర్ల వేగంతో వెళ్తుంది. దాని శక్తి 700 జౌళ్లు దాటుతుంది. అంతే బరువున్న బుల్లెట్‌ను పాత .38 స్పెషల్ సెకనుకు 230 మీటర్ల వేగంతో పంపుతుంది. దాని శక్తి 270 జౌళ్లు. రెండింటి బుల్లెట్ వ్యాసం ఒకటే. .357 తూటా తొడుగును మాత్రం 3 మిల్లీమీటర్లు పొడవుగా చేశారు, పొరపాటున కూడా పాత .38 రివాల్వర్లలో పట్టకూడదని. .357 రివాల్వర్‌లో మాత్రం రెండూ కాల్చవచ్చు. సాధనకు .38, అసలు అవసరానికి .357 అని చాలామంది పెట్టుకునే లెక్క ఇక్కడి నుంచి వచ్చిందే.

బుల్లెట్ ముందుకు దూకితే తుపాకీ వెనక్కి తన్నాలి. తూటా అదే అయినప్పుడు వెనక్కి తన్నే శక్తి తుపాకీ బరువుకు విలోమంగా ఉంటుంది. బరువు సగమైతే తన్ను రెట్టింపు. .357 తూటానే కాల్చే 340పీడీ అనే పొట్టి రివాల్వర్ బరువు 335 గ్రాములే. 686తో పోలిస్తే దాని తన్ను మూడింతలకు పైనే ఉండాలి. పొట్టి బ్యారెల్ వల్ల బుల్లెట్ వేగం కొంత తగ్గి ఆ లెక్క కాస్త దిగుతుంది, అంతే. అరచేయి మండిపోయి, రెండో తూటాకు గురి చెదిరిపోతుంది. కిలో బరువున్న తుపాకీలో అదే తూటా భరించగలిగేలా ఉంటుంది.

ట్రిగ్గర్ లెక్క ఇంకా ఆసక్తికరం. డబుల్ యాక్షన్ రివాల్వర్‌లో ట్రిగ్గర్ నొక్కితేనే సిలిండర్ తిరిగి, హ్యామర్ వెనక్కి లేచి, పడుతుంది. అందుకు సుమారు 5 కిలోల ఒత్తిడి కావాలి. 686 బరువుకు అది నాలుగున్నర రెట్లు. 340పీడీ బరువుకు 15 రెట్లు. చేతిలోని వస్తువు కన్నా పదిహేను రెట్ల బలంతో దాన్నే లాగుతూ కొన కదలకుండా పట్టుకోవడం మామూలు పని కాదు.

ఇదే లెక్క గ్లాక్ 19కి వేస్తే ట్రిగ్గర్ 2.5 కిలోలు, తుపాకీ 670 గ్రాములు, నిష్పత్తి నాలుగు లోపే. కాబట్టి పెద్ద రివాల్వర్ సులువుగా గెలిచేది పొట్టి రివాల్వర్ మీద. పిస్టల్‌తో పోటీ పెడితే దానికి మిగిలే లాభాలు కొన్నే: తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తర్వాతి తూటా వస్తుంది. ఒంటికి ఆనించి కాల్చినా వెనక్కి నెట్టుకుపోయే స్లైడ్ ఉండదు. పట్టు బలహీనంగా ఉన్నా పిస్టల్‌లా మధ్యలో ఇరుక్కోదు. రివాల్వర్ ఎప్పుడైనా ఇరుక్కుంటే మాత్రం, ఖాళీ తొడుగులను బయటికి నెట్టే ఎజెక్టర్ కింద కాలని మందు పలుకులు చేరినా సరే, వీధిలో నిలబడి బాగుచేసుకునే పని కాదు.

ఎక్కడ బయటపడుతుంది?

పొడవాటి బ్యారెలే దాపరికానికి అడ్డమని కొత్తవాళ్లు అనుకుంటారు. కానీ బ్యారెల్ ప్యాంటు లోపల తొడ వెంబడి కిందికి దిగిపోతుంది, ఎవరికీ కనపడదు. నిజానికి తుపాకీ నిటారుగా ఒంటికి అంటుకుని ఉండటానికి ఆ పొడవే సాయం చేస్తుంది. బయటపడేది పిడి. కిరాణా స్టోర్‌లో కింది అరలోని పాల క్యాన్ కోసం వంగగానే పిడి అంచు వీపు పక్కన చొక్కాను గుడారంలా పైకి లేపుతుంది. వంగకుండా మోకాళ్ల మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నవాళ్లకు ఈ బాధ తక్కువ.

రెండో చిక్కు 4 సెంటీమీటర్ల సిలిండర్. పిస్టల్ పలకలా అణిగి ఉంటుంది, రివాల్వర్ మధ్యలో ఉబ్బుతుంది. తుంటి ఎముక మీదికి సిలిండర్ వచ్చిందంటే మధ్యాహ్నానికల్లా అక్కడ కందిపోతుంది. ఆ బరువును మామూలు బెల్టు ఆపలేదు. ఒకటిన్నర అంగుళాల వెడల్పుతో, లోపల గట్టి పొర ఉన్న బెల్టు కావాలి. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే హోల్‌స్టర్ కావాలి. పైన వదులు చొక్కానో కోటో కావాలి. టెక్సస్ జులై ఎండలో కోటు అంటే అందరి కళ్లూ అటే.

ఆరు చాలుతాయా?

న్యూయార్క్ పోలీసుల కాల్పులపై ర్యాండ్ సంస్థ 2008లో నివేదిక ఇచ్చింది. 1998 నుంచి 2006 దాకా, ఎదుటివాడూ కాల్చిన ఘటనల్లో పోలీసు తూటాల్లో గురికి తగిలినవి 18 శాతం. ఎదుటివాడు కాల్చని చోట 30 శాతం. శిక్షణ పొందినవాళ్ల లెక్క ఇది. 18 శాతం చొప్పున ఆరు తూటాలకు సగటున తగిలేది ఒకటి. పదిహేనుకు దాదాపు మూడు.

పోలీసులు రివాల్వర్ వదిలేయడానికి పెద్ద కారణాల్లో ఒకటి 1986 ఏప్రిల్ 11 నాటి మయామీ కాల్పులు. ఇద్దరు దొంగలు ఒకవైపు, ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు మరోవైపు. 140కి పైగా తూటాలు పేలాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఏజెంట్లలో ఎక్కువమంది చేతిలో రివాల్వర్లే. ఆ తర్వాత ఎఫ్‌బీఐ పిస్టల్ బాట పట్టింది. విచిత్రమేమిటంటే ఆ పోరును ముగించింది కూడా రివాల్వరే. చేతికి తీవ్ర గాయమైన ఎడ్మండో మిరెలిస్ తన .357 రివాల్వర్‌లోని ఆరు తూటాలూ దగ్గరికి వెళ్లి కాల్చాడు. ఆయన రివాల్వర్‌లో నింపుకున్నవి .38 తూటాలు. న్యూయార్క్ పోలీసుల చివరి రివాల్వర్లు 2018 ఆగస్టు ఆఖరులో విధుల నుంచి తప్పుకున్నాయి.

మళ్లీ నింపడం సంగతి? రివాల్వర్ పోటీల్లో ప్రపంచ విజేత జెర్రీ మిక్యులెక్ 1999లో ఆరు కాల్చి, మళ్లీ నింపి, ఇంకో ఆరు 2.99 సెకన్లలో కాల్చాడు. అది ఒక్కడి విద్య. సాల్ట్ లేక్ సిటీ పోలీసు డెన్నిస్ ట్యూలర్ 1983లో రాసినదాని ప్రకారం, కత్తి పట్టుకున్నవాడు 21 అడుగుల దూరం దాటి మీదికి రావడానికి సుమారు 1.5 సెకన్లు చాలు. ఆ వ్యవధిలో చొక్కా ఎత్తి తుపాకీ తీయడమే కష్టం, రెండోసారి నింపే మాట అటుంచండి.

మనవాళ్లకు అసలు అనుమతి ఉందా?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లు బెల్టు, హోల్‌స్టర్ కన్నా ముందు చూసుకోవాల్సింది వీసా. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. రాష్ట్రం పర్మిట్ అడగకపోయినా స్కూలు చుట్టూ వెయ్యి అడుగుల పరిధిలో ఫెడరల్ ఆంక్ష ఉంటుంది. ఆ రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ ఉన్నవాళ్లకు దాని నుంచి మినహాయింపు.

మోసే ముందు ఇంకో రెండు లెక్కలు

తుపాకీతో ఆత్మరక్షణ ఎంత తరచుగా జరుగుతుందన్న దానిపై అంచనాలకు పొంతన లేదు. 1995లో గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ ఏడాదికి 25 లక్షల దాకా అన్నారు. ప్రభుత్వ బాధితుల సర్వే ప్రకారం 2007–11 ఐదేళ్లలో హింసకు గురై బతికినవాళ్లలో తుపాకీ వాడినవాళ్లు 2,35,700 మంది, అంటే ఒక శాతం లోపే. రెండో లెక్కలో మాత్రం వివాదం లేదు. 2023లో అమెరికాలో తుపాకీతో పోయిన ప్రాణాలు 46,728. అందులో 27,300 ఆత్మహత్యలు. కాలిఫోర్నియాపై 2020లో వచ్చిన అధ్యయనంలో, పిస్టల్ లేదా రివాల్వర్ ఉన్న మగవాళ్లు తుపాకీతో ప్రాణం తీసుకునే అవకాశం, అవి లేని మగవాళ్ల కన్నా ఎనిమిది రెట్లు ఎక్కువని తేలింది. ఆడవాళ్లలో 35 రెట్లు. రాత్రి నడుము నుంచి తీసిన తుపాకీ ఏ పెట్టెలోకి వెళ్తుంది, ఆ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటుందన్నది బ్యారెల్ పొడవు కన్నా పెద్ద ప్రశ్న.

ఇన్ని చూశాక తేలేది ఇది. కాల్చడంలో ఫుల్‌సైజ్ రివాల్వర్‌కు కలిసొచ్చిన ప్రతి గ్రామూ మోయడంలో భారమే. గట్టి బెల్టు కట్టి, బట్టలు మార్చుకుని, నెలనెలా .38 తూటాలతో సాధన చేసేవాడికి ఆ బేరం గిట్టుబాటు కావచ్చు. అంత ఓపిక లేనివాడి రివాల్వర్ వారం తిరక్కుండానే కారు డ్యాష్‌బోర్డు అరలో చేరుతుంది. అక్కడ అది యజమాని కన్నా ముందు దొంగకే అందుతుంది. అలాంటివాడు తేలికైనది కొనుక్కోవడమో, అసలు మోయకపోవడమో మేలు.