ఎరుపు కన్నా తెలుపే నయం

చీజ్ పళ్లెం పక్కన రెడ్ వైన్ పెట్టడం మన నగరాల్లో మర్యాదగా స్థిరపడిపోయింది. నాలుక, లేబొరేటరీ, నాసిక్ నేల మాత్రం వేరే జోడీని సిఫార్సు చేస్తున్నాయి.

తెలుగునాట 'వైన్స్' అని బోర్డున్న దుకాణంలో బ్రాందీ, విస్కీ, బీరు పుష్కలంగా దొరుకుతాయి. వైన్ మాత్రం, ఉంటే గింటే, పై అరలో దుమ్ము పట్టిన నాలుగైదు సీసాలు. చీజ్ పరిస్థితీ అలాంటిదే. నిఘంటువులు దాన్ని 'జున్ను' అని తేల్చేశాయి. ఈనిన గేదె తొలి పాలను బెల్లం వేసి ఆవిరి మీద ఉడికిస్తే వచ్చేది జున్ను. పాలను రెన్నెట్‌తో విరగ్గొట్టి, నీరు పిండేసి, ఉప్పు పట్టించి వారాలు, నెలల తరబడి మాగబెడితే తయారయ్యేది చీజ్. రెండింటికీ చుట్టరికం పాలతోనే మొదలై పాలతోనే ముగిసిపోతుంది. పేర్ల దగ్గరే ఇంత గందరగోళం ఉన్న చోట ఆ రెండింటికీ జత కుదర్చడం అంత తేలిక కాదు.

నగరాల్లోని స్టార్ హోటళ్లు అయినా ఆ పని చాలాకాలంగా చేస్తున్నాయి. 'వైన్ అండ్ చీజ్' సాయంత్రం అనగానే కనిపించే దృశ్యం దాదాపు ఒక్కటే: పుల్లలు గుచ్చిన చెడ్డార్ ముక్కలు, అలంకారానికి నాలుగు ద్రాక్షపళ్లు, చేతిలో ముదురెరుపు గ్లాసు. కొత్తగా రుచి చూసేవారికి మొదటి గుటకకే నోరు పిడచకట్టుకుపోతుంది. 'అలవాటైతే బాగుంటుంది' అని పక్కనున్న అనుభవజ్ఞుడు ధైర్యం చెబుతాడు. అలవాటు కానివారు మర్నాడు మళ్లీ తమ విస్కీకే వెళ్లిపోతారు. తప్పు వారి నాలుకది కాదు, జోడీ కట్టినవారిది.

నోరు పిడచకట్టించే ఆ రుచికి తెలుగువారి దగ్గర ఇంటి పేరే ఉంది: వగరు. ఉగాది పచ్చడిలో ఆరో వంతు వాటా దానిదే. పచ్చి అరటికాయలో, వక్కలో ఉండే టానిన్ల లాంటివే ఎర్ర ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉంటాయి. రెడ్ వైన్‌ను తొక్కలతో సహా పులియబెడతారు కనుక అవన్నీ రసంలోకి దిగుతాయి. వైట్ వైన్‌కు రసం మాత్రమే పిండుకుంటారు కనుక దానిలో వగరు దాదాపు ఉండదు. టానిన్లు నోట్లో చేరగానే లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. జారుడుతనం పోయి గరుకుదనం మిగులుతుంది. ఆ సమయానికి నోట్లో చీజ్ ఉంటే అవి పాల ప్రొటీన్ అయిన కేసీన్‌నూ పట్టుకుంటాయి, నాలుక మీద దాడి తగ్గుతుంది. ముదురు డికాషన్‌లో పాలు పోస్తే టీ వగరు చచ్చేదీ ఇందుకే.

దీన్నిబట్టి రెడ్ వైన్, చీజ్ ఆదర్శ దంపతులే అనిపించవచ్చు. వైన్ వర్తకులు మాత్రం అలా భ్రమపడలేదు. కొనేటప్పుడు యాపిల్‌తో, అమ్మేటప్పుడు చీజ్‌తో అన్నది వారి వృత్తిలో పాత మాట. యాపిల్ వైన్‌లోని లోపాలను బయటపెడుతుంది, చీజ్ వాటిని కప్పిపెడుతుంది. ఆ మాటలో నిజమెంతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో హిల్డెగార్డ్ హేమన్, బెర్నీస్ మాడ్రిగల్ గలాన్ పరీక్షించి చూశారు. 2006లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో శిక్షణ పొందిన రుచి పరీక్షకులు ఎనిమిది రెడ్ వైన్లను ఎనిమిది రకాల చీజ్‌తో కలిపి, విడిగానూ రుచి చూశారు. చీజ్ తిన్నాక వగరుతో పాటు పులుపు, పండ్ల వాసన, ఓక్ పీపా వాసన కూడా తగ్గిపోయాయి. పెరిగింది వెన్న వాసన ఒక్కటే. అంటే చీజ్ చేసిన పని రెడ్ వైన్‌కు మెరుగులు దిద్దడం కాదు, దాని నోరు మూయించడం. చవక సీసాకు అది ఉపకారమే. వేలు పోసి కొన్న సీసాకు మాత్రం నష్టం.

మరి వైన్ ప్రియులు ఇంతకాలం తమను తాము మోసం చేసుకుంటున్నారా? అంత మాట అనలేం. ఫ్రాన్స్‌లోని డిజోన్ పరిశోధకులు 2016లో వెలువరించిన మరో అధ్యయనంలో మామూలు వినియోగదారులు నాలుగు వైన్లను, నాలుగు రకాల చీజ్‌ను కలిపి రుచి చూశారు. ఏ చీజ్ వల్లా ఏ వైన్ మీదా ఇష్టం తగ్గలేదు. చాలావాటి మీద పెరిగింది కూడా. రెండు ఫలితాల మధ్య వైరుధ్యం పైకి కనిపించేంత లేదు. డేవిస్‌లో అడిగింది గ్లాసులో ఏమేం ఉన్నాయని, డిజోన్‌లో అడిగింది ఎంత నచ్చిందని. వగరు తగ్గితే సంతోషించేవారే లోకంలో ఎక్కువ.

తెలుపు దగ్గరికొస్తే ఈ పంచాయితీయే ఉండదు. అణచాల్సిన వగరు లేదు. ఉన్నది పులుపు. పుల్ల మామిడి ముక్కకు ఉప్పు అద్దితే ఏమవుతుందో బడి గేటు దగ్గర చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఉప్పు పులుపులోని కరుకుదనాన్ని తగ్గించి తీపిని పైకి తెస్తుంది. ఉప్పగా ఉండే చీజ్ పుల్లటి వైట్ వైన్‌కు చేసేదీ అదే. బదులుగా వైన్‌లోని పులుపు నాలుకకు అంటుకున్న కొవ్వును కోసి మరో ముక్కకు దారి చేస్తుంది. నీలి బూజు పట్టించే రోక్‌ఫోర్, స్టిల్టన్ లాంటి ఘాటు చీజ్ అయితే పులుపు కూడా చాలదు, తీపి కావాలి. టానిన్లు నిండిన రెడ్ వైన్‌తో అవి చేదుగా, లోహాన్ని నాకినట్లు తగులుతాయి.

ఫ్రెంచివారు ఈ లెక్కలేవీ వేసుకోకుండానే చాలా జోడీలు కుదుర్చుకున్నారు. లువార్ లోయలోని షావిన్యోల్ గ్రామపు మేకపాల చీజ్‌కు తోడు ఆ చుట్టుపక్కలే పండే సాన్సేర్ వైట్ వైన్. జురా కొండల కోంతె చీజ్‌కు అక్కడి పసుపుపచ్చ వైనే తోడు. ఒకే నేలలో పుట్టినవి ఒకే పళ్లెంలో ఇముడుతాయన్న సూత్రం ఇక్కడినుంచి వచ్చిందే. అదీ అంత గట్టి సూత్రమేం కాదు. ఇంగ్లిష్ స్టిల్టన్‌కు జగత్ప్రసిద్ధ సహచరి పోర్చుగల్ నుంచి ఓడెక్కి వచ్చిన పోర్ట్ వైన్. ఆ జత కలిపింది మట్టి కాదు, వ్యాపారం.

మన దగ్గర జత కలపాల్సిన మట్టి ఎక్కడుందంటే ప్రధానంగా నాసిక్‌లో, ఆ తర్వాత బెంగళూరు దగ్గర నందికొండల్లో. అనాబ్-ఎ-షాహి తోటలతో ఒకప్పుడు పేరు మోసిన హైదరాబాద్ శివార్లు ఈ లెక్కలోకి రావు. అది తినే ద్రాక్ష. వైన్ ద్రాక్ష చిన్నగా, మందమైన తొక్కతో, నిండా గింజలతో ఉంటుంది. తేడా వృక్షశాస్త్రంతో ఆగదు. తినే ద్రాక్షను ఒక వ్యాపారి కొనకపోతే మరొకరికి, ఎవరూ కొనకపోతే రోడ్డు పక్కన బుట్టలో పెట్టి అమ్ముకోవచ్చు. వైన్ ద్రాక్షకు వైనరీ తప్ప గతి లేదు.

ఆ సంగతి నాసిక్ రైతులకు బాగా తెలిసొచ్చింది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం ప్రకటించి, రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసే వైన్‌కు ఎక్సైజ్ మినహాయింపు ఇచ్చింది. వించూర్‌లో వైన్ పార్కు పెట్టింది. అంతకు కొద్దికాలం ముందే అమెరికాలో ఉద్యోగం వదులుకుని వచ్చిన రాజీవ్ సామంత్ స్థాపించిన సులా దారి చూపడంతో రైతులు కొత్త తీగలు నాటారు. తీగ కాపుకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా 2008 వచ్చింది. ఆర్థిక మాంద్యానికి ముంబై ఉగ్రవాద దాడులు తోడై హోటళ్ల వ్యాపారం కుదేలైంది. నారాయణ్‌గావ్‌లోని షాతో ఇండేజ్ లాంటి పెద్ద కంపెనీయే అప్పుల్లో మునిగిపోయింది. కొనేవారు లేక ఎందరో రైతులు తీగలు పెరికేసి మళ్లీ తినే ద్రాక్షకు మళ్లారు. దేశంలో వైన్ వాడకాన్ని జనాభాతో భాగిస్తే ఏడాదికి మనిషికి ఒక గ్లాసు కూడా రాదు. అలాంటి మార్కెట్‌లో మొదటి గుటకకే మొహం చిట్లించి వెళ్లిపోయిన ప్రతి మనిషీ లెక్కలోకి వస్తాడు.

రాజకీయం కూడా వైన్‌కు అంతగా కలిసిరాలేదు. 2022 జనవరిలో ఉద్ధవ్ ఠాక్రే మంత్రివర్గం వెయ్యి చదరపు అడుగులకు మించిన సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మకానికి పచ్చజెండా ఊపింది. రైతుకు మేలన్నది దాని వాదన. మహారాష్ట్రను మద్యరాష్ట్రగా మారుస్తున్నారని బీజేపీ విరుచుకుపడింది. అన్నా హజారే నిరాహారదీక్ష హెచ్చరిక చేశారు. జూన్ నాటికి ఆ ప్రభుత్వమే పడిపోయింది. ఆ నిర్ణయం అమలై ఉంటే వైన్, చీజ్ ఒకే దుకాణంలో ఎదురెదురు అరల్లో కనిపించేవి.

నాసిక్ బలం ఏమిటన్న ప్రశ్నకు సులా మొదటి సీసాలే జవాబు: షెనిన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్. రెండూ తెలుపే. షిరాజ్ లాంటి రెడ్ వైన్లూ ఇప్పుడు బాగానే వస్తున్నాయి గానీ, పండ్ల వాసన, పులుపు, కాస్త తీపి కలిసిన షెనిన్ ముందు కొత్త నాలుక ఎక్కువ సేపు బెట్టు చేయదు.

ఇక చీజ్. మనకు తెలిసింది చాలావరకు అమూల్ క్యూబే. చీజ్‌ను లవణాలతో కరిగించి అచ్చుపోసే ప్రాసెస్డ్ రకం అది. మాగడం అన్నది అక్కడితో ఆగిపోతుంది. దాన్ని చూసి ముఖం తిప్పుకునే వైన్ పండితులు చాలామంది. నిజానికి ఉప్పగా, మెత్తగా ఉండే ఆ ముక్క చల్లటి స్పార్క్లింగ్ వైన్‌తో చక్కగా సర్దుకుపోతుంది. దిగుమతి చేసుకున్న బ్రీ ముక్క హైదరాబాద్ చేరి ఎన్నాళ్లయిందో తెలియనప్పుడు ఇదే నిజాయితీ గల బేరం.

అంతకన్నా మంచివీ ఉన్నాయి. బెంగాల్‌లో పొగ పట్టించే బండేల్ చీజ్ కోల్‌కతా న్యూ మార్కెట్‌లో చిన్న బిళ్లలుగా దొరుకుతుంది. ఉప్పు కషాయంలా ఉంటుంది కనుక నీళ్లలో నానబెట్టి వాడాలి. సావిన్యోన్ బ్లాంక్ లాంటి పుల్లటి వైన్‌కు అది సరైన జోడీ. బెంగళూరులో బెనెడిక్టైన్ సన్యాసులు ఇటాలియన్ పద్ధతిలో చేసే తాజా మొజరెల్లాకు షెనిన్ చాలు. ముంబైలోని ఎలెఫ్తీరియా అనే చిన్న సంస్థ తయారుచేసిన బ్రునోస్ట్‌కు 2021 వరల్డ్ చీజ్ అవార్డుల్లో వెండి పతకం వచ్చింది. పాల విరుగుడు తేటను గోధుమరంగు వచ్చేదాకా మరిగించే ఈ నార్వే రకం రుచిలో మన పాలకోవాకు దగ్గరి చుట్టం. లేట్ హార్వెస్ట్ షెనిన్ లాంటి తీపి వైన్‌తో తప్ప దేనితోనూ పొసగదు. పక్కన రెడ్ పెడితే రెండూ పాడవుతాయి.

రెడ్ తప్ప ముట్టని వారికి దారులు మూసుకుపోలేదు. బాగా మాగిన గట్టి చెడ్డార్, గౌడా లాంటివి షిరాజ్‌ను తట్టుకుంటాయి. కాకపోతే రెడ్‌ను 'గది ఉష్ణోగ్రత' వద్ద తాగాలన్న మాటను పట్టించుకోకూడదు. ఆ గది యూరప్‌ది, పదహారు పద్దెనిమిది డిగ్రీలది. మే నెలలో విజయవాడ గదిలో పెట్టిన రెడ్ వైన్‌లో తెలిసేది ఆల్కహాల్ మంట ఒక్కటే. సీసాను ముందుగా అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. చీజ్ విషయంలో దీనికి తలకిందులు: అరగంట ముందు బయటికి తీయమంటాయి పుస్తకాలు. మన ఎండల్లో పది నిమిషాలు దాటితే చెమట పట్టి నూనె కారుతుంది.