11,000 వోల్టులకు వెదురు బొంగు అడ్డమా?

ట్రాన్స్‌ఫార్మర్ ఏబీ స్విచ్ బ్లేడు సరిగా పడక మోటారు ఆగితే, చాలామంది రైతులు బొంగుకు ఇనుప కొక్కెం కట్టి తామే పొడిచి సరిచేస్తుంటారు. ‘కర్రకు కరెంటు పాకదు కదా’ అని ధీమా. ఆ మాట సగమే నిజం.

కరెంటు పాకేది కర్రలోని తేమ గుండా. బాగా ఎండిన కర్రలోనూ నూటికి 10, 12 వంతుల తేమ ఉంటుంది. అది 25కు చేరితే కరెంటును ఆపే శక్తి వందల రెట్లు పడిపోతుంది. వానలో తడిసిన బొంగు సంగతి చెప్పక్కర్లేదు. పైగా స్టార్టర్ దగ్గర ఉండేది 440 వోల్టులే, స్విచ్ దగ్గర 11,000. ఒంట్లోంచి ఆంపియరులో పదో వంతు పారినా గుండె ఆగిపోవచ్చు.

ఇంకో సంగతి. సన్నగా పారిన కరెంటు కర్రను ఆ దారివెంట మాడ్చి బొగ్గు చేస్తుంది. బొగ్గులో కరెంటు బాగా పారుతుంది. అందుకే నిరుడు పనిచేసిన బొంగుకు ఈ ఏడు పూచీ లేదు. వార్నిష్ పూసినా లోపలి తేమ పోదు.

లైన్‌మన్ వేళకు రాడన్నదీ అబద్ధం కాదు. కానీ స్విచ్ దించాక కూడా ఒక్కోసారి ఒక బ్లేడు ఊడకుండా ఉండిపోతుంది. లైను చచ్చిందని తేల్చి, ఎర్తు చేయాల్సింది ఆయనే. రాకుంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి.