లష్కర్‌లోని పాత చర్చిలు

మొగుళ్లపల్లి: కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాదులో దిగే మనవారు చాలామంది తమ పని చూసుకొని అదే స్టేషను నుంచి తిరిగి వచ్చేస్తారు. ఆ చుట్టుపక్కల ఉన్న పాత చర్చిలకు రెండు శతాబ్దాల చరిత్ర ఉన్నది.

1798లో నిజాం ఇంగ్లీషు కంపెనీతో ఒడంబడిక చేసుకోగా, కంపెనీ పటాలాలు హుసేన్‌సాగర్‌కు ఉత్తరాన మకాం వేశాయి. పటాలం కంపెనీది, ఖర్చు నిజాం సర్కారుది. అంటే చివరకు రైతు కట్టిన శిస్తే. 1806లో ఆ మకాముకు నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. మన పెద్దలకు మాత్రం అది లష్కరే.

సైనికుల కోసం 1813లో సెయింట్ జాన్ చర్చి వెలిసింది. సికింద్రాబాదు చర్చిలలో అదే పాతది. అదే ఏడు కలరా ప్రబలిందని, ఉజ్జయినిలో ఉన్న పటాలపు మనిషి సూరిటి అప్పయ్య అమ్మవారికి మొక్కుకొన్నాడని, 1815లో తిరిగి వచ్చి మహంకాళి గుడి నిలిపాడని చెప్పుకొంటారు. లష్కర్ బోనాలు ఆ గుడివే. దొరలైనా, కూలీలైనా ఆ రోజుల్లో రోగానికి ఒకే తీరుగా భయపడ్డారు.

చలిజ్వరం మరో పీడ. దానికి మూలమేమిటో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. అడవి అంచున ఉండే మన పల్లెలకు ఆ దోమ సంగతి వేరే చెప్పనక్కరలేదు!

బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. 1983 నవంబరు 20న బ్రిటన్ రాణి ఎలిజబెత్ తన పెళ్లిరోజున ఇక్కడికే ప్రార్థనకు వచ్చారు. ఐర్లండు ఫాదరీ డేనియల్ మర్ఫీ 1840లో మొదలుపెట్టిన సెయింట్ మేరీస్ 1850లో పూర్తయింది. 2008లో దానికి బసిలికా హోదా దక్కింది.

ఇవన్నీ దండును నమ్ముకొని లేచిన కట్టడాలు. ఆ దండును విడిచి పల్లెబాట పట్టినవాడు చార్లెస్ వాకర్ పాస్నెట్. 1895లో తెల్ల సైనికులకు పాదిరిగా వచ్చిన ఆయనకు ఆ కొలువు రుచించలేదు. మెదక్ చేరి అక్కడి పేదల నడుమ ఉండిపోయారు. 1914లో పెద్ద చర్చికి పునాది వేశారు. కరువు రోజుల్లో పనికి వచ్చినవారికి తిండి పెట్టి కట్టించారు. రాళ్లు మోసినవారి కడుపు నిండింది, చర్చీ లేచింది. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ మందిరంలో దాదాపు 5 వేల మంది పడతారు.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు ఒక్కటయ్యాయి. దాంతో అధికారులు మోకరిల్లిన బొల్లారం చర్చి, కరువు కూలీలు కట్టిన మెదక్ చర్చి ఒకే మెదక్ అధ్యక్ష మండలం కిందకు వచ్చాయి. ఐర్లండు ఫాదరీ కట్టించిన సెయింట్ మేరీస్‌లో నేడు తెలుగులోనూ పూజలు జరుగుతున్నాయి.