హొంగె అన్నా, పుంగై అన్నా.. మన కానుగే!

మూడేళ్ళు కనిపెట్టుకుంటే చాలు.. ఆ తర్వాత అంతా నీడే
ఆకు మీద బొబ్బలకు బెదిరి గొడ్డలి పట్టొద్దు

ఫిబ్రవరి వచ్చిందంటే కానుగ చెట్టున్న ఇంట్లో పొద్దున్నే పేచీ మొదలు. రాత్రి ఊడ్చిన వాకిలి తెల్లారేసరికి ఆకులమయం. 'ఎన్నాళ్ళు ఊడ్చను? కొట్టించెయ్యండి' అని ఇంటావిడ. 'కొన్నాళ్ళు ఓపిక పట్టవే' అని పెద్దాయన. ఆ కొన్నాళ్ళు గడిస్తే అదే చెట్టు నిగనిగలాడే లేత చిగురు తొడుగుతుంది. ఎండలు ముదిరేసరికి పెరటి నిండా గొడుగు పట్టినట్టు నిలబడుతుంది. తర్వాత లేత వంకాయ రంగు కలిసిన తెల్లని పూలు, వాటి చుట్టూ తేనెటీగల రొద. ఏడాదికి కొద్దిరోజుల ఊడుపు ఓర్చుకోలేక ఎంతోకాలం నీడనిచ్చిన చెట్టును నరికించుకుంటున్న ఇళ్ళు తక్కువేమీ కాదు. కొట్టించాక మే నెలలో మాత్రం అందరికీ ఆ నీడే గుర్తొస్తుంది.

సరిహద్దు దాటితే దీని పేరు మారిపోతుంది. కోలారు, బళ్ళారిల్లో హొంగె. హోసూరు, కృష్ణగిరిల్లో పుంగై. బరంపురంలో కరంజ, నాందేడ్, చంద్రపూర్‌లలో కరంజ్. నర్సరీలో కానుగ మొక్క కావాలంటే తెల్లమొహం వేస్తారు. అక్కడి పేరుతోనే అడగాలి. శాస్త్రీయ నామంలోని పొంగామియా అన్న మాట కూడా మన దక్షిణాది భాషల పేరు నుంచి వెళ్ళిందే.

గోడకు దూరం.. చెట్టుకు ప్రాణం

కానుగ విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు చోటు. నాటేటప్పుడు జానెడు మొక్క. ప్రహరీ పక్కనో, నీళ్ళ సంపు పక్కనో పెట్టేస్తారు. పెరిగాక ఇది ముప్ఫై, నలభై అడుగులు లేచి, అంతే విశాలంగా కొమ్మలు చాస్తుంది. తల్లివేరు లోతుకు పోతుంది, పక్కవేర్లు దూరం పాకుతాయి. గోడకూ మొక్కకూ మధ్య పదిహేను, ఇరవై అడుగులైనా వదలాలి. అంత జాగా లేని ఇంటికి ఈ చెట్టు వద్దు. కరివేపాకో, గోరింటాకో పెట్టుకోవడం మేలు.

గింజతో పెంచాలంటే ఎండి గోధుమ రంగు తిరిగిన కాయలు ఏరుకోవాలి. ఒక్కో కాయలో మామూలుగా ఒకటే గింజ. రాత్రంతా నీళ్ళలో నానేసి అంగుళం లోతున పెడితే రెండు వారాల్లో మొలక కనిపిస్తుంది. సంచిలో మరీ ఎక్కువకాలం ఉంచితే తల్లివేరు చుట్ట తిరుగుతుంది. ఆ మొక్క తర్వాత ఎంత పెరిగినా కాలు నిలదొక్కుకోదు. కర్ణాటక, మహారాష్ట్ర, గంజాం వైపు తొలకరికి నాటుకోవాలి. చెన్నై చుట్టుపక్కల వాళ్ళు అక్టోబరు వానల దాకా ఆగినా నష్టం లేదు. రెండడుగుల గుంత, తీసిన మట్టిలో సగం చివికిన పశువుల ఎరువు. యూరియా జోలికి పోనక్కర్లేదు. చిక్కుడు, కందిలాగే ఇదీ గాలిలోని నత్రజనిని వేరు బొడిపెల్లో పట్టుకునే జాతి. సముద్రం ఒడ్డునా, ఉప్పు తగిలిన నేలలోనూ బతుకుతుంది కాబట్టి యానాం వాళ్ళకూ బెంగ లేదు.

మొదటి రెండు వేసవుల్లో వారానికోసారి పాదు నిండా నీళ్ళు, చుట్టూ ముళ్ళకంప. మూడో ఏడు వచ్చేసరికి కింది కొమ్మలు తీసేస్తూ మనిషెత్తుకు పైగా మానును నున్నగా ఉంచితే కింద మంచం వేసుకోవచ్చు. తల మాత్రం నరకొద్దు. నరికిన చోట గుబురుగా లేచే కొమ్మలకు పట్టు ఉండదు, గాలివానకు విరుగుతాయి. ఇక వాకిలికి సిమెంటు చేయించేటప్పుడు మొదలు చుట్టూ నాలుగడుగులైనా మట్టి వదలమని మేస్త్రీకి దగ్గరుండి చెప్పాలి. చెప్పకపోతే మొదలు దాకా పూసేస్తాడు.

ఆ బొబ్బలు రోగం కాదు

ఆకుల నిండా మొటిమల్లా, చిన్న వేళ్ళలా బొడిపెలు లేస్తే చెట్టుకు తెగులు పట్టిందని హడలిపోతారు. అది కంటికి ఆనని నల్లి చేసే పని. లేత మొక్కయితే ఆ ఆకులు గిల్లి పారేస్తే సరి. పెద్ద చెట్టుకు మందు కొట్టే పనే లేదు. ఆకు రాలితే బొబ్బలూ రాలిపోతాయి.

గింజల నూనె దీపానికి, చర్మం మీద దురదకు పాతకాలం నుంచీ వాడుకలో ఉంది. తినడానికి పనికిరాదు, గింజలు పిల్లల నోట పడకుండా చూసుకోవాలి. నూనె తీయగా మిగిలిన చెక్క పాదులకు మంచి ఎరువు. ఈ నూనెతో పేరు తెచ్చుకున్న ఊరూ ఉంది. నాటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గిరిజన మహిళలకు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే గాలిలో కలవకుండా మిగిలే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు కట్టిన లెక్క అది.

రాలిన ఆకును చాలామంది వీధిలో కుప్పపోసి తగలబెడుతున్నారు. వరి మళ్ళలో పచ్చిరొట్టగా తొక్కించే ఆకు అది! పెరటి మూల గుంత తీసి అందులో వేసి, అప్పుడప్పుడు పేడనీళ్ళు చల్లుతుంటే వానల నాటికి ఎరువవుతుంది. చెట్టు కొట్టించమన్న ఇంటావిడ మల్లెపాదుకే మొదటి తట్ట.