ఉక్కు నగరమున ఉద్యానవనము

కర్మాగారమును నిర్మింపబూనువారు ముందుగా ఖనిజము ఎచ్చట దొరకునో, బొగ్గు ఎంత దూరమున గలదో, నీరు ఏ నదినుండి వచ్చునో విచారింతురు. పని ముగించుకొని వచ్చిన కార్మికుడు సాయంకాలమున ఎచ్చట సేదదీరునను ప్రశ్న వారిలో చాలమందికి తోచదు. జంషెడ్జీ టాటాకు అది తోచినది. రాబోవు ఉక్కు నగరమునందు వీధులు విశాలముగా ఉండవలెననియు, వాని కిరువైపుల నీడనిచ్చు చెట్లు నాటవలెననియు, ఒకటి విడిచి ఒకటి త్వరగా పెరుగు జాతిది కావలెననియు, తోటలకును ఆటస్థలములకును, ఆలయములకును మసీదులకును చర్చిలకును చోటు విడువవలెననియు 1902లో తన కుమారుడు దొరాబ్జీకి ఆయన లేఖ వ్రాసెను. అప్పటికి నగరము లేదు. దానికి స్థలమైనను నిర్ణయము కాలేదు. 1904లో ఆయన జర్మనీలో కన్నుమూసెను.

టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడెను. సువర్ణరేఖా, ఖార్కాయి నదుల సంగమమునకు చేరువగా, ఆదివాసులు నివసించు సాక్చి గ్రామప్రాంతమున కర్మాగారము లేచినది. 1912లో తొలి ఉక్కు దిమ్మ వెలువడెను. మొదటి ప్రపంచయుద్ధమునందు ఆ కర్మాగారము చేసిన సహాయమును పురస్కరించుకొని, 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ఆ పట్టణమునకు జంషెడ్‌పూరు అని పేరిడెను.

పని దొరకునను వార్త నలుదెసల ప్రాకినది. బెంగాలు, ఒరిస్సా, పంజాబు ప్రాంతములవారితోపాటు శ్రీకాకుళము, విశాఖ సీమలనుండి తెలుగువారును పెద్దసంఖ్యలో వలస వెళ్లి అచ్చట స్థిరపడిరి. జనము పెరిగినకొలది నగరపు పటమును మరల మరల గీయవలసి వచ్చెను. ఆ పటములు గీచినవారిలో టెంపులు, స్టోక్సు, కోనిగ్స్‌బెర్గరు ముఖ్యులు. పటమునకు లోబడిన వీధులొకవైపు, పటమునకు అందని బస్తీలొకవైపు పెరిగినవి. కంపెనీ ఇండ్లలోను ఉద్యోగపు హోదా ననుసరించి తేడాలుండెను. అందరు కలిసికొనదగిన పెద్ద బయలు ఒకటి నగరమునకు కావలసియుండెను.

కంపెనీ స్వర్ణోత్సవము ఆ అవకాశమును తెచ్చినది. నగరవాసులకు కానుకగా ఒక ఉద్యానమును సమర్పింప నిశ్చయించి, మైసూరు చెంతనున్న బృందావన వనమును ఆదర్శముగా గైకొనిరి. బెంగుళూరు లాల్‌బాగ్ తోటను తీర్చిదిద్దిన జర్మను ఉద్యానశాస్త్రజ్ఞుడు క్రుంబీగెల్, ఆయనతో బి. ఎస్. నిరోడి ఈ వనమునకు రూపకల్పన చేసిరి. క్రుంబీగెల్ 1956లో మరణించెను. తోటను కోరినవాడును, తోటను రూపించినవాడును దాని ప్రారంభమును చూడలేకపోయిరి. చెట్టు నాటువాని పని సాధారణముగా ఇట్టిదే.

1958 మార్చి 1వ తేదీన ప్రధాని నెహ్రూ జూబిలీ ఉద్యానమును ప్రారంభించెను. భారతదేశపు ఉక్కు పరిశ్రమ స్వర్ణోత్సవమునకు గుర్తుగా జంషెడ్జీ చిత్రముతో తపాలా బిళ్ల వెలువడినదియు ఆనాడే. వందలాది ఎకరముల ఆ వనమున గులాబితోటయు, చిమ్ము నీటిధారలును, జంషెడ్జీ విగ్రహమును, జయంతీ సరోవరమును నెలకొన్నవి. 1994లో జంతుప్రదర్శనశాల తోడైనది. ఏటేట మార్చి 3న, జంషెడ్జీ జయంతినాడు, వనమంతయు దీపాలంకృతమగును. ఊరి జనమంతయు అచ్చటికి తరలివచ్చును.

ఒక సంస్థ ఇచ్చిన కానుక ప్రజల హక్కు ఎట్లగునని ఎవరైన అడుగవచ్చును. కానుక నిచ్చిన సంపద ఎచ్చటినుండి వచ్చినదో తలచినచో సమాధానము దొరకును. తరతరముల కార్మికులు కొలిమి సెగకు ఒడ్డిన శరీరశ్రమ ఆ సంపదలో గలదు. పూర్వము ఆ నేలను దున్నిన ఆదివాసుల పొలములును అందు గలవు. కావున సరోవరపు గట్టున కూర్చుండువాడు ఎవరి దయకును పాత్రుడై కూర్చుండుట లేదు. తనకు రావలసిన నీడనే అనుభవించుచున్నాడు. క్వార్టర్సు బిడ్డయు, బస్తీ బిడ్డయు ఒకే నీటి అంచున ఆడుకొన్నప్పుడు ఆ నగరపు పటము పూర్ణమగును.

మన సీమలోను విశాఖపట్టణము, రామగుండము మొదలైన పారిశ్రామిక పట్టణములు పెరిగినవి. కొత్త కర్మాగారమునకు పటము గీచు ప్రతివాడును జంషెడ్జీ లేఖను ఒకసారి తలచుట మంచిది. ఇండ్లు నిండిన పిమ్మట తోటకు చోటు వెదకుట కష్టము. పొగగొట్టము లేవకమున్నే దానికి చోటు విడిచినవాడు, తాను ఎన్నడును చూడని బిడ్డలకు ఉపకారము చేసినవాడగును.