సంతకం పెట్టే ముందు ఐ-983 చదివారా?

ఎడిటర్ అడిగింది ఒక్కటే. అమెరికాలో ఎంఎస్ చేస్తున్న మన పిల్లలకు చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి, అదే ఓపీటీ, ఉంటుందా ఊడుతుందా? గురువారం సాయంత్రానికి కథనం చేతికివ్వాలి. ఓపీటీ ఊడుతుందేమోనన్న భయం ఊరికే పుట్టింది కాదు. ఇప్పుడు అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ డైరెక్టర్‌గా ఉన్న జోసెఫ్ ఎడ్లో, ఆ పదవి చేపట్టక ముందే 2025 మేలో సెనేట్ కమిటీ ఎదుట తన మనసులో మాట చెప్పారు. కాలేజీలో చదివినంత కాలం దాటాక విద్యార్థులకు పని అనుమతి తీసేయాలన్నదే తన ఉద్దేశమన్నారు. అయితే రేపటి నిబంధనను ఊహిస్తూ పేజీలు నింపడం కన్నా, ఇవాళ అమల్లో ఉన్నదాన్ని మనవాళ్లు ఎలా వాడుకుంటున్నారో చూడటం మేలనిపించింది. అలా వెతుకుతుంటే ఒక కాగితం దొరికింది. దాని పేరు ఫారం ఐ-983.

ఓపీటీ రెండు విడతలు. ఏ సబ్జెక్టు చదివినవాళ్లకైనా మొదట 12 నెలలు ఇస్తారు. స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ డిగ్రీ ఉంటే మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. మన ఇళ్లలో ఎడ్యుకేషన్ లోన్ లెక్కలు, హెచ్1బీ లాటరీ ఆశలు ఆ మూడేళ్ల మీదే నిలబడి ఉన్నాయి. 2024-25కి ఓపెన్ డోర్స్ నివేదిక చూస్తే అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వాళ్లలో 1,43,740 మంది ఓపీటీ మీద ఉన్నవాళ్లే. రెండో విడత పొడిగింపు కావాలంటే కంపెనీ, విద్యార్థి కలిసి నింపి సంతకాలు చేయాల్సిన శిక్షణ ప్రణాళికే ఈ ఐ-983.

నింపిన ఫారాలు కొన్ని చూపించమని తెలిసినవాళ్ల పిల్లల్ని అడిగాను. పేర్లు చెరిపేసి పంపారు.

వాటిలో రెండు ఒకే కన్సల్టెన్సీ నుంచి వచ్చినవి, ఒకటి అమ్మాయిది, ఒకటి అబ్బాయిది. ఇద్దరి డిగ్రీలు వేరు. ఒకరిది కంప్యూటర్ సైన్స్, ఇంకొకరిది ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్. ఫారంలో రాసింది మాత్రం అక్షరం పొల్లు పోకుండా ఒకటే. అబ్బాయి ఫారంలో ‘ఆమె నైపుణ్యాలు మెరుగుపడతాయి’ అన్న వాక్యం అలాగే ఉండిపోయింది. దాని కింద ఆ అబ్బాయి సంతకం ఉంది, మేనేజర్ సంతకం ఉంది. చదివావా అని అడిగితే, “లేదండీ, రాత్రి మెయిల్ వచ్చింది, పొద్దున్నే డీఎస్‌ఓకి పంపాలన్నారు, పెట్టేశాను” అన్నాడు. డీఎస్‌ఓ అంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి. ఈ ఫారం వెళ్లేది అక్కడికే.

అసలు ఆ ఫారం ఏమడుగుతోంది? ఈ విద్యార్థి మీ దగ్గర చేసే పనికీ, చదివిన డిగ్రీకీ సంబంధమేమిటి? ఏ విద్య, ఏ మెళకువ కొత్తగా నేర్చుకుంటాడు, ఎలా నేర్పిస్తారు? అతని పని ఎవరు చూసుకుంటారు? నేర్చుకున్నాడో లేదో ఎలా తేలుస్తారు? జీతమెంత, వారానికి ఎన్ని గంటలు? ఈ నియామకంతో అక్కడి ఉద్యోగి ఎవరినీ తొలగించడం లేదనీ, శిక్షణ ఇచ్చేందుకు తగిన మనుషులూ వనరులూ ఉన్నాయనీ కంపెనీ హామీ ఇవ్వాలి. అదే పని చేసే అమెరికన్లతో సమానంగా జీతమివ్వాలి. ఏడాది తిరిగేలోపు ఒకసారి, ముగింపులో మరోసారి విద్యార్థి తన ప్రగతిని తానే రాయాలి, కంపెనీ దాని మీద సంతకం చేయాలి.

ఇన్ని ప్రశ్నల్లో ఏదీ విద్యార్థికి వ్యతిరేకం కాదు. అన్నీ కంపెనీని నిలదీసేవే. కొత్తగా ఉద్యోగంలో చేరే ఇరవై నాలుగేళ్ల పిల్ల, “నాకేం నేర్పిస్తారు, ఎవరు నేర్పిస్తారు” అని యజమానిని అడగగలదా? ఆమె తరఫున చట్టమే అడుగుతోంది. అందుకే ఈ ఫారం మీద నాకు గౌరవం కలిగింది. దాన్ని కాపీ పేస్టు చేసి పంపేవాళ్ల మీద కోపం కూడా అందుకే.

ఒక చిప్ డిజైన్ కంపెనీలో చేరిన కాకినాడ అమ్మాయి ఫారం చూడండి. మొదటి ఆరు నెలలు ఏ టూల్ మీద పని చేస్తుంది, ఆ తర్వాత ఏ బ్లాక్ వెరిఫికేషన్ సొంతంగా చేయాలి, ప్రతి మంగళవారం ఎవరితో రివ్యూ అన్నది మేనేజర్ స్వయంగా రాశాడు. ఏడాదయ్యాక ఆ అమ్మాయి రాసుకున్న స్వీయ మూల్యాంకనంలో, ఒప్పుకున్నదాంట్లో ఒక అంశం ఇంకా నేర్పలేదని ఉంది. మేనేజర్ దాని కిందే సంతకం చేసి, ఆ తర్వాతి నెలలోనే ఆ పనిలో పెట్టాడు. అంటే ఈ కాగితం పని చేస్తుంది.

కన్సల్టెన్సీల్లో అన్నీ ఒకే రకం కావు. కానీ ‘మార్కెటింగ్’ పేరుతో రెజ్యూమెలో లేని అనుభవం చేర్చి, ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్ మీద కూర్చోబెట్టే చోట ఐ-983 నిలబడదు. స్టెమ్ ఓపీటీలో జీతం లేని పని చెల్లదు. వారానికి కనీసం 20 గంటలు పనుండాలి. ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో కంపెనీ నమోదై ఉండాలి. క్లయింట్ దగ్గరికి పంపినా సరే, శిక్షణ ఇచ్చేది సంతకం చేసిన కంపెనీయే అయి ఉండాలి. తనిఖీకి అధికారులు పనిచేసే చోటికే రావచ్చు. ఫిర్యాదు మీద వస్తే ముందుగా చెప్పాల్సిన పని కూడా లేదు. ఆ రోజు కన్సల్టెన్సీ ఇంకో విద్యార్థిని వెతుక్కుంటుంది. స్టేటస్ పోయేది మాత్రం మన పిల్లవాడికి.

ఈ ఫారం వెనకున్న చరిత్ర రెండు ముక్కల్లో. విదేశీ విద్యార్థులకు ప్రాక్టికల్ ట్రైనింగ్ 1947 నుంచి ఉంది, ఓపీటీ అన్న పేరు 1992లో వచ్చింది. 2008లో స్టెమ్ వాళ్లకు 17 నెలలు కలిపారు. సరైన పద్ధతిలో చేయలేదంటూ 2015లో కోర్టు దాన్ని కొట్టేసింది. 2016లో 24 నెలలతో కొత్త నిబంధన వచ్చింది, ఐ-983 దానితో పుట్టిందే. 2022లో వాషింగ్టన్ డీసీ అప్పీళ్ల కోర్టు ఓపీటీని సమర్థించింది. మరుసటి ఏడాది ఆ కేసు వినడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది.

తేదీలు తప్పితే

ఓపీటీ దరఖాస్తు ఐ-765ను కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల దాకా పెట్టుకోవచ్చు. డీఎస్‌ఓ సిఫారసు విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లో చేరిన 30 రోజుల్లోపు అది యూఎస్‌సీఐఎస్‌కు అందాలి. మొదటి విడతలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు, స్టెమ్ పొడిగింపు కలిపితే 150. స్టెమ్‌లో కంపెనీ మారితే పది రోజుల్లో కొత్త ఐ-983 ఇవ్వాలి. చదువుకుంటూనే కోర్సులో భాగంగా పనిచేసే అనుమతి సీపీటీని 12 నెలలు ఫుల్‌టైమ్‌గా వాడేసినవాళ్లకు ఆ స్థాయిలో ఓపీటీయే ఉండదు. సీపీటీ ఆశ చూపి చేర్చుకునే కాలేజీల విషయంలో ఈ ఒక్క మాట మరవకండి.

వెనక చదువు లేని కాగితాలు

2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు చిక్కుకున్నవాళ్లలో మన తెలుగు పిల్లలు ఎందరో. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీని నడిపింది ఫెడరల్ ఏజెంట్లేనని బయటపడింది. అక్కడా అరెస్టయినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. రెండు చోట్లా కాగితాలన్నీ సక్రమంగానే కనిపించాయి, వాటి వెనక చదువే లేదు. వెనక శిక్షణ లేని ఐ-983 కూడా అలాంటి కాగితమే.

ఓపీటీ ఉండాలనే నేను కోరుకుంటాను. లక్షలు పోసి చదివిన చదువుకు పని నేర్చుకునే మూడేళ్లు న్యాయమైన ప్రతిఫలం. దాన్ని తీసేయాలనేవాళ్లకు ‘ఇది శిక్షణ కాదు, దొడ్డిదారి ఉద్యోగం’ అన్న వాదన అందిస్తున్నవి ఆ కాపీ పేస్టు ఫారాలే. తల్లిదండ్రులకు ఒక మనవి. ఈసారి వీడియో కాల్‌లో జీతమెంత అని అడిగాక, ఐ-983లో ఏం రాశారో కూడా చదివి వినిపించమనండి. చదవలేదని చెబితే, ఆ రాత్రి సంతకం పెట్టొద్దని చెప్పండి.