బడి వేళ, పాల వేళ, ఇల్లాలికి మిగిలే వేళ

పాడి ఉన్న ఇంట్లో ఇల్లాలిని "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగితే "ఏం లేదు, ఇంట్లనే ఉంట" అన్న జవాబే తరచు వస్తుంది. రెండు బర్రెలు, బడికి పోయే ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో ఈ "ఇంట్లనే ఉండటం" ఎన్ని గంటల పనో లెక్క కట్టినవారు తక్కువ. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. 2024 సర్వేలో ఈ అంకెలు 289, 88 అయ్యాయి. అంటే అయిదేళ్లలో ఇద్దరి మధ్య తేడా ఒక్క నిమిషం తగ్గింది! పాడి పని ఈ లెక్కలో చేరలేదు, దాని పద్దు వేరు.

కోహీర్ ప్రాంతంలో పాడి ఇల్లాలి రోజును చూద్దాం. తెల్లవారుజామున పెండ తీయడం, పాలు పితకడం, కేంద్రానికి పాలు చేర్చడం. అటుపై వంట, పిల్లల స్నానాలు, జడలు, పుస్తకాల సంచులు. తొమ్మిదింటికి బడి గంట కొట్టాక సాయంత్రం నాలుగు వరకు ఏడు గంటలు ఆమెవే అనిపిస్తుంది. కాని గడ్డి కోసుకురావడం, బట్టలు, నీళ్లు, చేలో కందికో అల్లానికో కలుపు, ఇవన్నీ ఆ ఏడు గంటలను ముక్కలు ముక్కలుగా తినేస్తాయి. అర్ధగంట ఇక్కడ, పావుగంట అక్కడ మిగిలినా అది విశ్రాంతి కాదు. వరుసగా దొరికే ఒక్క గంట కావాలి.

ఆ గంట పశువే ఇస్తుంది. ఉదయం మేత తిన్న బర్రె మధ్యాహ్నం నీడన పడుకొని నెమరు వేస్తుంది. ఆ వేళ దాన్ని కదిలించకుండా ఉండటమే దానికి మేలు. రోజంతటికీ సరిపడే జొన్న చొప్పను ఒకేసారి నరికి పెట్టుకుంటే మాటిమాటికి కొట్టానికి పోనక్కరలేదు, మేత వృథా కూడా తగ్గుతుంది. తొట్టి నిండా నీళ్లు పెడితే దప్పిక అయినప్పుడు అదే తాగుతుంది.

వేసవిలో మాత్రం ఈ ఏర్పాటు సాగదు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే పిల్లలు మధ్యాహ్నానికే ఇల్లు చేరుతారు. నల్లని చర్మం గల బర్రె ఎండకు తాళలేదు కనుక మధ్యాహ్నం దాని ఒంటిమీద నీళ్లు పోయాలి. ఆ రెండు నెలలు ఇల్లాలి గంటను ఉదయం పది ప్రాంతానికి జరుపుకోవాలి.

ఇంతకంటె గట్టి చిక్కు మరొకటి ఉన్నది. చాలా ఇళ్లలో బర్రె ఒక్కరి చేతికే అలవాటు పడుతుంది. ఆమె లేకపోతే చేపదు. అందుచేత పుట్టింట్లో పెండ్లి అయినా, పిల్లకు జ్వరం వచ్చి జహీరాబాద్ ఆసుపత్రికి పోయినా సాయంత్రానికి తిరిగి రావలసిందే. న్యూజిలాండ్‌లో కొందరు రైతులు రోజుకు ఒక్క పూటే పాలు పితికి తమ వేళ మిగుల్చుకుంటారు గాని, వారికి కూడా పాలు తగ్గుతాయి. రెండు బర్రెల ఇంటికి ఆ నష్టం తగదు. మనకు తగిన మార్గం బర్రెను రెండో చేతికి అలవాటు చేయడం.

ఈనిన తరువాత బర్రె కుదుటపడ్డాక ఈ పని మొదలుపెట్టవచ్చు. దూడ చనిపోయినప్పుడు, పశువుకు జబ్బుగా ఉన్నప్పుడు వద్దు. మొదట కొన్నాళ్లు ఇంటాయన పక్కన నిలబడి దాణా పెట్టాలి. తరువాత పొదుగు గోరువెచ్చని నీటితో కడగాలి, ఆ పైన చివరి ధారలు తీయాలి. వేళ, చోటు, గిన్నె మారరాదు. అరుపులు, దెబ్బలు అసలే కూడవు. బెదిరిన పశువు శరీరంలో పుట్టే పదార్థం పాలు చేపడాన్ని ఆపివేస్తుంది. చేపు అయిదారు నిమిషాలకు మించి నిలవదు కాబట్టి కొత్త చేయి త్వరగా పితకడం నేర్చుకోవాలి. మొగవాడు ఇల్లాలి పాత చీర కప్పుకొని పితికితే నవ్వేవారున్నారు. బర్రె చేపితే నవ్వుతో మనకేం పని?

రెండో చేయి అంటే పెద్దపిల్ల చేయి అని చాలామంది అనుకుంటారు. దీన్ని మేము ఒప్పుకోము. తల్లికి గంట మిగలాలని పన్నెండేళ్ల పిల్ల మొదటి పీరియడు మానుకుంటే అది మిగులు కాదు, అప్పు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు బడి హక్కు అని 2009 చట్టం చెబుతున్నది. పిల్లలకు తగిన పని వేరే ఉన్నది. బర్రె ఎదకు వచ్చిన తేదీని గోడ క్యాలెండరు మీద రాయించండి. సుమారు ఇరవై ఒక్క రోజులకు మళ్లీ చూడవలసిన రోజును లెక్క కట్టించండి. బర్రెలలో ఎద లక్షణాలు పైకి అంతగా కనబడవు. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు చూడాలి. ఈ చూపులో మాత్రం వేళ పొదుపు చేయరాదు. ఒక్కసారి తప్పితే మూడు వారాల మేత దండుగ.

మిగిలిన గంటలో ఇల్లాలు ఏం చేయాలో చెప్పడం మా పని కాదు. నిద్ర పోవచ్చు. పాసు పుస్తకంలో వెన్న శాతం చదవడం నేర్చుకోవచ్చు, ఊరికే కూర్చోవచ్చు. పక్కనే మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వారు 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళా దినం నాడు, సంఘం రేడియో ప్రారంభించారు. నడిపినది దళిత స్త్రీలే. పొలం నుంచి వచ్చిన స్త్రీ వినగలిగే సాయంత్రపు వేళనే ప్రసారాలకు ఎంచుకున్నారు.

సంఘాల కార్యదర్శులు ఇది గమనించాలి. సర్వసభ్య సమావేశం పాలు పితికే వేళకో, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకో పెట్టి "ఆడవాళ్లు రావడం లేదు" అనడం న్యాయం కాదు. పదకొండు గంటలకు పెట్టి చూడండి. పాల సేకరణ వేళను కేంద్రం బోర్డు మీద రాసి, దాన్ని పాటించండి. పాలు పట్టేవారు అర్ధగంట ఆలస్యమైతే వరుసలో నిలిచిన ఇరవైమంది ఇల్లాళ్లకు కలిపి పది గంటలు పోతాయి, క్యానులో పాలూ పులుపెక్కుతాయి. వ్యాను ఆలస్యమయ్యే రోజున ఫోను చేసి ముందుగా తెలుపండి.